అమృతాంజనం నుంచి యూట్యూబ్ దాకా: తెలుగు వ్యాపార ప్రచారంలో మాధ్యమ యాజమాన్యం

సారాంశం:
సామాజిక మాధ్యమాల వల్ల చిన్న వ్యాపారికి సొంత ప్రచార సాధనం లభించిందన్న అభిప్రాయం విస్తృతంగా వినిపిస్తోంది. తెలుగువారి వ్యాపార ప్రచార చరిత్రలోని కొన్ని ఘట్టాల ఆధారంగా ఈ అభిప్రాయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రచారం చేసే అవకాశం వ్యాపారికి దక్కినా, మాధ్యమంపై యాజమాన్యం దక్కలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వ్యాపార ప్రచారం, అమృతాంజనం, యూట్యూబ్, చేనేత, మాధ్యమ యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం

వ్యాపార ప్రచార చరిత్రను సాధారణంగా సాధనాల వరుసగా చెబుతారు. మొదట పత్రిక, తరువాత రేడియో, సినిమా, టెలివిజన్, చివరకు అంతర్జాలం. ఈ వరుస తప్పు కాదు. కానీ సాధనం ఎవరి అధీనంలో ఉంది, కొనుగోలుదారుల చిరునామాలు ఎవరి దగ్గర ఉన్నాయి అన్న ప్రశ్నలకు ఇందులో చోటు లేదు. ఆ ప్రశ్నలు వేసినప్పుడు ఇదే చరిత్ర మరో విధంగా కనిపిస్తుంది.

2. వర్తకుడే పత్రికాధిపతి

కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీని ప్రారంభించారు. సంగీత సభలలో ఈ మందును ఉచితంగా పంచి ప్రచారం చేశారన్నది ప్రసిద్ధమైన విషయం. నుదుట రాసుకొని ఫలితం చూసిన మనిషి తరువాత అంగడిలో అదే సీసాను అడిగి కొంటాడు. సరుకు గుణం ఇక్కడ మాటల ద్వారా కాక స్పర్శ ద్వారా తెలిసింది.

ఆయన 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రికగా రూపొందింది. 1924లో భారతి సాహిత్య మాసపత్రిక మొదలైంది. ఈ పత్రికలను కేవలం అమృతాంజనం ప్రకటనల కోసమే నెలకొల్పారనడం చారిత్రకంగా సమంజసం కాదు. జాతీయోద్యమానికి, ఆంధ్రోద్యమానికి, తెలుగు సాహిత్యానికి అవి చేసిన సేవ వేరుగా ఉంది. అయితే మన చర్చకు ముఖ్యమైన అంశం ఒకటుంది. సరుకు, ముద్రణాలయం, చందాదారుల పట్టీ మూడూ ఒకే యాజమాన్యం కింద ఉన్నాయి. పాఠకుణ్ణి చేరడానికి ఆ వర్తకుడు ఇంకొకరి అనుమతి కోరవలసిన పని లేకపోయింది.

3. అద్దె మాధ్యమాలు

ఆ సౌకర్యం అతి కొద్దిమందికే సాధ్యమైంది. మిగిలిన వ్యాపారులు ఇతరుల పత్రికలో కొంత స్థలాన్ని, సినిమా హాలులో ఒక స్లైడును అద్దెకు తీసుకున్నారు. 1967లో వివిధ భారతిలోను, 1976లో దూరదర్శన్‌లోను వాణిజ్య ప్రకటనలు ప్రారంభమయ్యాయి. 1995లో ఈటీవీ, జెమినీ వంటి తెలుగు ఉపగ్రహ ఛానళ్ళు వచ్చాయి. సెకన్ల లెక్కన ధర చెల్లించవలసిన టెలివిజన్ పెద్ద సంస్థలకు ఉపకరించింది. మంగళగిరిలో నాలుగు మగ్గాలున్న నేతగాడికి, పోచంపల్లిలో చిన్న దుకాణదారుకు అది అందుబాటులోకి రాలేదు.

4. పల్లె నుంచి ప్రసారం

2005లో ఆరంభమైన యూట్యూబ్‌ను మరుసటి ఏడాది గూగుల్ 165 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. తెలుగు ప్రాంతాలలో దాని ప్రభావం విస్తరించడానికి 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత డేటా ధరలు పడిపోవడం ప్రధాన కారణం. ఆరుబయట పొయ్యి మీద వంట చేసిన మస్తానమ్మ 'కంట్రీ ఫుడ్స్' ద్వారా, జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ 'మై విలేజ్ షో' ద్వారా విశేష ప్రేక్షకాదరణ పొందారు. నగర స్టూడియో, ప్రామాణిక ఉచ్చారణ లేకుండానే మాండలికంలో ప్రసారం సాధ్యమని ఇవి నిరూపించాయి. 2018 డిసెంబరులో గూగుల్ తన ప్రకటనల సేవలను తెలుగు భాషకు విస్తరించడంతో, తెలుగు ప్రేక్షకుడు ప్రకటనదారులకు ప్రత్యేక విపణి అయ్యాడు.

5. దుకాణంలో కెమెరా

వినోదం ద్వారా ప్రేక్షకులను సమకూర్చుకొని ప్రకటనల ఆదాయం పొందడం ఒక మార్గం. సరుకునే నేరుగా చూపడం రెండవది. చీరల వ్యాపారంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. వ్యాపారి చీర మడత విప్పి, అంచు, కొంగు, జాకెట్టు ముక్క వరుసగా చూపి, సంఖ్య, ధర చెబుతాడు. చూసినవారు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతారు. చిన్న వ్యాపారుల కోసం వాట్సాప్ ప్రత్యేక యాప్‌ను 2018 జనవరిలో విడుదల చేయడం ఈ పద్ధతికి తోడ్పడింది.

పూర్వం వీధి అరుగు మీద మూట విప్పిన చీరల వర్తకుడి పద్ధతికి ఇది కొనసాగింపే. అయితే రెండు ముఖ్యాంశాలు లోపించాయి. మొదటిది బేరం. వీడియోలో చెప్పిన ధరే చాలావరకు ఖరారు. రెండవది స్పర్శ. మగ్గం మీద నేసిన ఇక్కత్‌కు, ఆ నమూనాను అచ్చువేసిన మరమగ్గం బట్టకు తేడా చేతికి తెలిసినంత సులభంగా తెర మీద తెలియదు. ఇక్కత్‌లో నూలును ముందే కట్టి రంగు అద్ది నేస్తారు కనుక రంగు బట్టకు రెండు వైపులా దాదాపు సమానంగా ఉంటుంది. వ్యాపారి చీర తిరగేసి చూపితేనే ఈ గుర్తు ప్రేక్షకుడికి అందుతుంది. చూపకపోతే అసలు నేతగాడి శ్రమకు, నకలుకు ఒకే వెల కట్టే ప్రమాదం ఉంది. పార్సిల్ విప్పుతూ వీడియో తీస్తేనే ఫిర్యాదు స్వీకరిస్తామని అనేకమంది అమ్మకందారులు షరతు విధించడం, ఈ అపనమ్మకం ఇరువైపులా ఉందనడానికి నిదర్శనం.

చట్టం ఈ లోటును కొంత పూరించింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు తయారీదారుతో పాటు దాన్ని సమర్థించి ప్రచారం చేసిన వ్యక్తికి కూడా 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. డబ్బు తీసుకొని చేసే ప్రచారాన్ని ప్రేక్షకుడికి స్పష్టంగా తెలపాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు జారీ చేసింది.

6. ప్రేక్షకులు ఎవరి ఆస్తి?

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించింది. నిషేధం వెనుక ఉన్న భద్రతా కారణాల మంచిచెడ్డలు ఈ వ్యాసం పరిధిలోకి రావు. కానీ ఆ వేదిక మీదనే అనుచరులను కూడగట్టుకున్నవారు వారిని ఒక్కసారిగా కోల్పోయారు. అనుచరుల సంఖ్య వారి ఖాతాలో కనిపించింది కానీ, ఆ అనుచరుల చిరునామాలు వారి చేతికి ఎన్నడూ రాలేదు. నిషేధం లేనప్పుడు కూడా ఏ వీడియో ఎవరికి చేరాలో నిర్ణయించేది వేదిక యంత్రాంగమే. ఆంధ్రపత్రిక చందాదారుల పట్టీకి, నేటి సబ్‌స్క్రైబర్ల సంఖ్యకు మౌలిక భేదం ఇదే.

7. ముగింపు

సామాజిక మాధ్యమాలు చిన్న వ్యాపారికి టెలివిజన్ ఇవ్వని ప్రవేశాన్ని ఇచ్చాయి. దీన్ని తక్కువగా అంచనా వేయరాదు. అయితే ఆ ప్రవేశం కౌలు వంటిది, పట్టా కాదు. కొనుగోలుదారుల ఫోను నంబర్లు, చిరునామాలు వారి సమ్మతితో సొంత పుస్తకంలో రాసుకొనే చిన్న వ్యాపారి, వేదిక మారినా వ్యాపారాన్ని నిలుపుకోగలడు.

పరిశోధకులకు కూడా ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఆంధ్రపత్రిక పాత సంచికలను గ్రంథాలయాలు భద్రపరిచాయి కాబట్టి శతాబ్దం నాటి ప్రకటనలను నేడు చదవగలుగుతున్నాం. ఖాతా మూతపడితే నేటి చీరల వీడియో జాడ మిగలదు. అందులోని అమ్మకందారు మాట, మాండలికం, ధర, నేత పేర్లు అన్నీ సామాజిక చరిత్రకు ఆకరాలే. విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు వీటిని సేకరించి తేదీలతో భద్రపరిచే పనికి ఇప్పుడే పూనుకోవలసి ఉంది.