మైకు కాగితానికి ప్రతిపదార్థం

మైకు పెట్టెలో ఒక చిన్న కాగితం మడిచి పెట్టి ఉంటుంది. అందులో క్రియాపదం ఒక్కటీ ఉండదు. అన్నీ సమాసాలు, అంకెలు. విప్పి చెప్పేవారు లేక చాలామంది దాన్ని పెట్టెలోనే వదిలేసి, ధర చూసో, పేరున్న గాయకుడి ముందు కనిపించిందనో మైకు కొంటారు. ఇంట్లో పాటలు రికార్డు చేసుకునేవారు మొదటి మైకుగా తరచూ ఎంచుకునే ఆడియో టెక్నికా ఏటీ2020 కాగితాన్ని మూలంగా తీసుకుని పదం పదం చూద్దాం.

మూలం: కండెన్సర్, కార్డియాయిడ్, 20–20,000 హెర్ట్జ్, నాయిస్ 20 డెసిబెల్స్, మాక్సిమమ్ ఎస్‌పీఎల్ 144 డెసిబెల్స్, ఫాంటమ్ పవర్ 48 వోల్టులు, ఎక్స్‌ఎల్‌ఆర్.

కండెన్సర్: ఒక పలుచని పొర, దాని వెనక కదలని రేకు. శబ్దం తగిలి పొర కదిలినప్పుడల్లా రెండింటి మధ్య ఎడం మారుతుంది. ఆ మార్పే విద్యుత్ సంకేతం అవుతుంది. పొర బరువు దాదాపు లేనట్టే కనుక వీణ తీగకు గోరు తగిలిన చప్పుడు కూడా ఇందులో పడుతుంది. దీనికి ప్రతిపక్షం డైనమిక్. అక్కడ పొరకు తీగచుట్ట అతికి ఉంటుంది, అది అయస్కాంతం మధ్య ఆడుతుంది. సభల్లో గాయకుల చేతిలో కనిపించే షూర్ ఎస్‌ఎం58 ఆ జాతిదే; 1966 నుంచీ తయారవుతోంది.

డైనమిక్ మైకు చుట్టుపక్కల చప్పుడు పట్టదని ఒక మాట వాడుకలో ఉంది. అందులో సగమే నిజం. దాన్ని నోటికి రెండంగుళాల దూరంలో పెట్టుకుని పాడతాం. గొంతు అంత దగ్గరగా ఉండబట్టి వంటింటి మిక్సీ మోత చిన్నదైపోతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది. కనుక ఏ జాతి మైకు అన్నది ఎంత ముఖ్యమో, ఎంత దూరం అన్నదీ అంతే ముఖ్యం.

కార్డియాయిడ్: హృదయాకారం అని అర్థం. మైకు ముందువైపు బాగా వింటుంది, పక్కల కొంత వింటుంది, వెనకవైపు దాదాపు వినదు. ఈ ఒక్క పదం అర్థమైతే రూపాయి ఖర్చు లేకుండా సగం పని అయిపోతుంది: మైకు వీపును కంప్యూటరు వైపో, వీధి కిటికీ వైపో తిప్పి పెట్టండి. అయితే ముందు ఏదో తెలియాలి. ఏటీ2020లో ముందువైపు అంటే కంపెనీ గుర్తు ఉన్న పక్క, పైకొన కాదు. ఐస్‌క్రీము పట్టుకున్నట్టు పట్టుకుని కొనలోకి పాడితే గొంతు ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టు వినిపిస్తుంది. ఇంకో లక్షణం: కార్డియాయిడ్ మైకుకు దగ్గరవుతున్నకొద్దీ మంద్రస్థాయి ఉబ్బుతుంది. బొంగురు గొంతువారు జానెడు దూరం పాటిస్తే మంచిది. పీలగొంతు వారికి ఇదే లక్షణం కాస్త నిండుదనం ఇస్తుంది.

20–20,000 హెర్ట్జ్: మనిషి చెవికి అందే మేర ఇది. చవక మైకుల్లో చాలావాటి మీద ఇదే అంకె అచ్చవుతుంది కనుక దీన్ని అతిశయోక్తి అలంకారం కింద జమకట్టవచ్చు. ఆ మేరలో ఏ స్వరం ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చూపే గీత ఉంటేనే అంకెకు విలువ. ఎస్‌ఎం58 మేర 50 నుంచి 15,000 వరకే. దానితో ఎన్ని కచేరీలు జరగలేదు!

నాయిస్ 20 డెసిబెల్స్: మైకు తనంతట తాను చేసే బుస. ఎంత తక్కువైతే అంత మేలు. రోడ్ ఎన్‌టీ1లో ఇది 4.5 మాత్రమే. ఆ తేడా నిశ్శబ్దమైన గదిలో వీణ ఒక్కటే వాయించినప్పుడో, సన్నగా ఆలాపన చేసినప్పుడో తెలుస్తుంది. మృదంగానికి తెలియదు. రాత్రివేళ ప్రశాంతమైన పడకగదిలోనే సుమారు 30 డెసిబెల్స్ చప్పుడు ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంటే ఇంకా ఎక్కువ. ఫ్యాను ఆపనివారు 4.5 కోసం అదనపు డబ్బు పెట్టడం దండగ.

మాక్సిమమ్ ఎస్‌పీఎల్ 144 డెసిబెల్స్: శబ్ద పీడనం ఇంతకు మించితే మైకు శబ్దాన్ని చెడగొడుతుంది. ఇంట్లో పాటకు ఆ ప్రమాదం లేదు. గొంతు పగిలినట్టు వినిపిస్తే, అది మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) ఎక్కువ పెట్టిన ఫలితం.

ఫాంటమ్ పవర్ 48 వోల్టులు: పాట వచ్చే తీగలోనే మైకుకు కరెంటు వెళుతుంది, వేరే తీగ కనిపించదు కనుక ఆ దెయ్యం పేరు. 1966లో న్యూమన్ సంస్థ నార్వే రేడియో కోసం ఈ పద్ధతి రూపొందించింది. కొనేవారు గమనించాల్సింది వేరే ఉంది: ఈ మైకు ఒక్కటే కొంటే పని చేయదు. 48 వోల్టులిచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్ కూడా కావాలి. ఆ ఖర్చు మైకు ధరలో కనిపించదు. ఇంటర్‌ఫేస్‌కు గొంతును నేరుగా చెవికి పంపే డైరెక్ట్ మానిటర్ ఉందో లేదో చూడండి. లేకపోతే మీ గొంతు కంప్యూటరు చుట్టూ తిరిగి ఆలస్యంగా చెవికి చేరి తాళం తప్పిస్తుంది.

ఎక్స్‌ఎల్‌ఆర్: మూడు పిన్నుల తీగ. రెండు పిన్నుల్లో ఒకే సంకేతం తిరగేసి నడవడం వల్ల దారిలో చేరిన గుంయ్‌మనే మోత చివర రద్దవుతుంది. కంప్యూటరుకు నేరుగా తగిలించే యూఎస్‌బీ మైకు ఒంటరి గాయకుడికి చాలు. గొంతుకొకటి, మృదంగానికొకటి పెట్టాలంటే ఎక్స్‌ఎల్‌ఆర్ దారే సుఖం.

అధ్యాహారం: మూలంలో లేని పదాన్ని అర్థం కుదరడానికి వ్యాఖ్యాత తెచ్చి చేర్చడం మన సంప్రదాయం. ఈ కాగితంలో లేని పదం ‘గది’. టైల్స్ నేల, ఖాళీ గోడలు, అద్దాల కిటికీ ఉన్న గదిలో చప్పట్లు కొట్టి చూడండి. వెనక ఒక లోహపు ఝంకారం వస్తుంది. మీ పాట చివర కూడా అదే చేరుతుంది. మైకు చూసేది గాయకుడినీ, అతని వెనక గోడనీ కనుక, మెత్తన ఉండాల్సింది అక్కడ. దూది పరుపు నిలబెట్టండి, బొంతలు వేలాడదీయండి. గోడకు అంటించే పలుచని ఫోము పై స్థాయిని మాత్రమే పీల్చి కింది మోతను వదిలేస్తుంది. వీధి హారన్లను అసలే ఆపదు.

తాత్పర్యం: ముందు ఇంట్లో ఉన్న బొంతలు, తర్వాత చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, స్టాండు, ‘ప’, ‘బ’ల గాలి దెబ్బను ఆపే పాప్ ఫిల్టరు, ఆపైన ఇంటర్‌ఫేస్, చివర మైకు. సాఫ్ట్‌వేరుకు ఆడాసిటీ ఉచితం. చప్పుడు ఆపలేని ఇంట్లో డైనమిక్ కొని దగ్గరగా పాడండి. రాత్రిపూట నిశ్శబ్దం దొరికే ఇంట్లో, ముఖ్యంగా వీణకు, కండెన్సర్ కొనండి. ఏది కొనేముందైనా ఫ్యాను ఆపి, ఒక కీర్తన ఫోనులో రికార్డు చేసి వినండి. అందులో వినిపించే లోపం గదిదైతే, కొత్త మైకు దాన్ని ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.