థియాలజీ చదవబోయే మన పిల్లలకు స్టువర్టుపురం చరిత్ర

ఇంటర్ అయ్యాక థియాలజీ చదువుతామని, పిల్లల్లో, యువతలో పరిచర్య చేస్తామని చెప్పే అమ్మాయిలు, అబ్బాయిలు మన ఎరుకల, యానాది కాలనీల నుంచి కూడా కనిపిస్తున్నారు. వెళ్లమని గానీ వద్దని గానీ మేము చెప్పం. హాస్టల్ వార్డెన్‌గా అది మా పని కాదు. కానీ మన ప్రాంతంలో సువార్త పట్టుకుని పిల్లల దగ్గరికి వచ్చినవాళ్ల చరిత్ర ఒకటుంది. అది తెలుసుకుని వెళ్తే మంచిది.

గుంటూరుకు లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ 1842లో వచ్చారు. తర్వాతి కాలంలో తెనాలి, రేపల్లె వైపు లూథరన్ల పని పెరిగింది, బాపట్లలో అమెరికన్ బాప్టిస్టులు నిలదొక్కుకున్నారు. ఈ రెండు మిషన్లలోనూ పల్లెకు వెళ్లే మనిషి తరచుగా ఒక్కడే. పగలు బడిపంతులు, సాయంత్రం ప్రార్థన నడిపేవాడు, ఆదివారం సండే స్కూలు చెప్పేవాడు. అందుకే అప్పట్లో ఉపాధ్యాయ శిక్షణ, వేదాంత విద్య పక్కపక్కనే నడిచాయి. నెల్లూరు వైపు రామాయపట్నంలో బాప్టిస్టుల సెమినరీ 1870లలోనే మొదలైంది. అసలు సండే స్కూలు పుట్టుకే అక్షరాలతో ముడిపడింది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ దాన్ని నడిపింది వారమంతా పనిచేసి ఆదివారం మాత్రమే ఖాళీ దొరికే పేద పిల్లలకు చదవడం నేర్పడానికి. ట్రైనింగు అయిన టీచరుగా ఈ సంగతి మాకు భలే ఇష్టం.

ఆ బడులు ఎక్కువగా మాల, మాదిగ పల్లెలకు అందాయి. బడి ఒకచోట ఉంటుంది. మన ఎరుకలవాళ్లు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. యానాదులు కాలువగట్ల మీద, ఉప్పుటేర్ల పక్కన ఉండేవాళ్లు.

ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, రైలు వచ్చింది. గాడిదల మీద సాగే వ్యాపారం కూలిపోయింది. దాని మీద కరువులు వచ్చిపడ్డాయి. బతుకుతెరువు పోయి దారినపడ్డవాళ్లను సర్కారు దొంగలన్నది. ఉత్తరాదిలో 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రావిన్సుకూ తెచ్చారు. ఆ చట్టం కింద బాపట్ల, చీరాల మధ్య 1913-14 ప్రాంతంలో ఒక సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నడిపే బాధ్యత రక్షణ సైన్యానికి, అంటే సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కావలిలో మనవాళ్ల సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టులు నడిపారు.

రక్షణ సైన్యాన్ని 1882లో ఇండియాకు తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఐ.సి.ఎస్. ఉద్యోగం వదులుకుని, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్న మనిషి. త్యాగానికి వంక పెట్టలేం. అదే మనిషి నేరస్థ జాతులను బాగుచేయడం మీద ఒక పుస్తకం రాసి దానికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టారు. నేరానికి వైద్యం అన్నమాట. రోగులు ఎవరో చెప్పక్కర్లేదు.

సెటిల్మెంటులో హాజరు పిలిచేవారు, బయటికి పోవాలంటే పాసు కావాలి. పెద్దవాళ్లు పొలంలోనో, చీరాల పొగాకు కంపెనీలోనో పనిచేసేవాళ్లు. పిల్లల విషయంలో చట్టం ఇంకో అడుగు వేసింది. తల్లిదండ్రుల దగ్గర్నుంచి పిల్లలను విడదీసి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. తల్లి ఒడే నేరం నేర్పుతుందన్న నమ్మకం దాని వెనక ఉంది.

థియాలజీ చదివేవాళ్లు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. మనుషులందరూ పాపులేనని క్రైస్తవ బోధ. అందులో దొరా, ఎరుకలా తేడా లేదు. చట్టం మాత్రం కొన్ని జాతులను ఏరి, వాళ్లు పుట్టుకతోనే నేరస్థులన్నది. బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం 18వ అధ్యాయం నేరుగా ఈ సంగతే చర్చిస్తుంది: తండ్రి దోషం కొడుకు మోయడని అక్కడ వాదన. ఆ గ్రంథం చేతబట్టుకున్నవాళ్లే ఈ చట్టం కింద సెటిల్మెంట్లు నడిపారు. అది ఎలా పొసిగింది? సెమినరీలో చర్చి చరిత్ర క్లాసులో మన పిల్లలు ఈ ప్రశ్న అడిగితే వినాలని మాకు కోరిక.

ఒకవైపే చెప్తే అన్యాయం. స్టువర్టుపురంలో బడి ఉంది. ఇల్లూ పొలమూ కొందరికి దక్కాయి. నిడుబ్రోలు ఆసుపత్రి, బాపట్ల కుష్ఠు ఆసుపత్రి రెండూ రక్షణ సైన్యానివే, రెంటికీ ఎవాంజలిన్ బూత్ పేరే. ఆమె 1934లో ప్రపంచమంతటి సైన్యానికి జనరల్ అయింది. చాలా సంఘాల్లో ఆడవాళ్లను పులిపీఠం ఎక్కనివ్వని రోజుల్లో ఈ సైన్యంలో స్త్రీలు మొదట్నుంచీ అధికారులే. మన అమ్మాయిలు ఇదీ గుర్తుంచుకోవాలి.

మద్రాసు ప్రావిన్సులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. పేరుకంటిన మచ్చ మాత్రం పోలేదు. 1970లలో స్టువర్టుపురం వచ్చి సంస్కరణ పని చేసిన లవణం, హేమలత దంపతులు నాస్తికులు. హేమలత మహాకవి జాషువా కూతురు. పిల్లల మీద ప్రేమకు ఫలానా మతమే ఉండాలని లేదు కదా.

ఇప్పుడు చదవాలనుకుంటే దారులు చాలా ఉన్నాయి. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., మెథడిస్టు సంఘాలు కలిసి 1964లో రాజమండ్రిలో పెట్టిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల తర్వాత హైదరాబాద్‌కు మారింది. అక్కడి బి.డి. డిగ్రీ సెరంపూర్ సెనేట్ ఇస్తుంది. నాలుగైదేళ్ల చదువు అది. మూడు నెలల సర్టిఫికెట్‌తో పిల్లల మధ్యకు వచ్చేవాళ్లను చూశాం. పాటలు బాగా నేర్పుతారు, పిల్లవాడు ఎందుకు అన్నం తినడంలేదో గమనించరు. ఇంకొక్క మాట: పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కుదరదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తోంది. మా హాస్టళ్లలోనూ మేము అదే పాటిస్తాం. రేపు పరిచర్యలో ఉన్న మీరు స్వీట్ల ప్యాకెట్లతో వచ్చి గేటు దగ్గర మమ్మల్ని అడిగినా జవాబు అదే. పిల్లల ఇళ్లకు వెళ్లండి, అమ్మానాన్నల ముందు మాట్లాడండి.

ఆ చట్టం పోయేనాటికి పదేళ్లున్న వాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. హాజరు పిలుపు గుర్తున్న అవ్వలు, తాతలు ఇక ఎంతమందో ఉండరు. థియాలజీలో చేరినవాళ్లు, చేరబోయేవాళ్లు ఈ సెలవుల్లో స్టువర్టుపురం స్టేషన్లో దిగండి. ఫోనులో రికార్డు చేసుకునే ముందు వాళ్ల అనుమతి అడగండి.