అద్దంలోంచి దూకిన నీడ

వీడియో గేమ్ ఆడేవారికి బొమ్మ కనిపిస్తుంది; బొమ్మ వెనుకనున్న లెక్క కనిపించదు. ఈ రెంటి నడుమ నిలిచి పనిచేసేవారిని నేడు టెక్నికల్ ఆర్టిస్టులంటున్నారు. చిత్రకారుడు కోరిన అందాన్ని యంత్రం మోయగలిగిన బరువులో ఇమడ్చటం వీరి విద్య. ఉద్యోగానికి ఆ పేరు రాకమునుపే ఆ విద్య ఉంది. అందుకు 1989లో ఆపిల్ 2 కంప్యూటరుపై వెలువడిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' చక్కని సాక్ష్యం.

దాని కర్త జోర్డాన్ మెక్నర్. ప్రోగ్రాము రాసినదీ, బొమ్మలు కదిలించినదీ ఆయనే. మనిషి కదలికను ఊహించి గీయటం తన చేతికి లొంగలేదు. అందుచేత 1985లో తమ్ముడు డేవిడ్ చేత తెల్లని దుస్తులు తొడిగించి, పరుగులు పెట్టించి, గోడలెక్కించి వీడియో తీశాడు. ఆ దృశ్యాలను ఒక్కొక్క భంగిమగా ఫొటోలు తీసి, ఆకృతుల అంచులు దిద్ది, కంప్యూటరులోకి ఎక్కించాడు. సినిమా బొమ్మలపై గీసే ఈ రోటోస్కోపు పద్ధతికి మాక్స్ ఫ్లైషర్ 1917లోనే పేటెంటు పొందాడు. పాతదే అయినా, ఆ చిన్న తెరపై రాజకుమారుడు నిజమైన మనిషిలా తూలాడు, ఆయాసపడ్డాడు.

అయితే ఆ సజీవతకు మూల్యం ఉంది. భంగిమలన్నీ కలిసి మెమరీని మింగేశాయి. ఆటలో ప్రత్యర్థి ఉండాలని సహోద్యోగిని టోమి పియర్స్ పట్టుబట్టింది. మరొక మనిషి బొమ్మలకు చోటు లేదు. కుండలో కూడు తరగకూడదు, బిడ్డ దుడ్డులా ఉండాలి!

పరిష్కారం లెక్కలో దొరికింది. రాజకుమారుడి బొమ్మనే ఒక్క బిట్టు పక్కకు జరిపి, 'ఎక్స్‌క్లూజివ్ ఆర్' అనే ప్రక్రియతో దానిమీదనే వేస్తే, రెండూ ఏకీభవించిన చోట చీకటి, భేదించిన చోట వెలుగు మిగులుతాయి. అలా అంచులు మాత్రమే మెరిసే ఒక నీడమనిషి అవతరించాడు. కొత్త బొమ్మ ఒక్కటీ అక్కరలేకపోయింది.

కథ కూడా ఆ లెక్కనే అనుసరించింది. రాజకుమారుడు అద్దంలోంచి దూకినప్పుడు ఆ నీడ విడివడుతుంది. చివరకు ఎదురుపడ్డప్పుడు దానిని పొడిస్తే తన ప్రాణమే తరుగుతుంది. కత్తి ఒరలో పెట్టినవాడికే ఆ నీడ తిరిగి తనలో కలుస్తుంది. శత్రువు తన బొమ్మతోనే తయారైనవాడు కదా! మెమరీ పుష్కలంగా ఉండి ఉంటే బహుశా మరొక సాధారణ శత్రువే వచ్చేవాడు; ఈ భావం పుట్టేది కాదు.

తరువాతి కాలంలో ఆటలు త్రిమితీయమై, బృందాలు పెరిగి, చిత్రకారుడు ఒక గదిలో, ప్రోగ్రామరు మరొక గదిలో కూర్చున్నారు. మెక్నర్ ఒక్కడి తలలో జరిగిన సంభాషణను ఇద్దరి మధ్య నడపడానికి మూడవవాడు కావలసివచ్చాడు. బొమ్మకు ఎముకలమర్చినా, వెలుగునీడల సూత్రాలు రాసినా, మెమరీకి పద్దు కట్టినా, ఆయన చేసేది ఆ దుబాసీ పనే.

పోయిందనుకున్న ఆ ఆట మూలప్రోగ్రాము డిస్కులు 2012లో మెక్నర్ తండ్రి ఇంట దొరికాయి. నిపుణులు వాటిని చదివి వెలికితీయగా, ఆయన లోకానికి ఉచితంగా అందించాడు. తెరమీది నీడను చూసి ముచ్చటపడినవారు, దానిని పుట్టించిన ఆ వరుసలను కూడా ఒకసారి చూడవచ్చు. కళ అక్కడ కూడా ఉంది.