నీటి కింద కెమెరా ముందుకొచ్చే బుడగలు: ఎనభై ఏళ్ళ కథ

ఈ ఎపిసోడ్‌ని నేను తిన్న ఒక చీవాటుతో మొదలుపెడతాను.

విశాఖలో రుషికొండ దగ్గర నా రెండో స్కూబా డైవ్ అది. చేతిలో చిన్న కెమెరా. నాకంటే కాస్త పైన ఒక చేపల గుంపు తిరుగుతోంది. బటన్ నొక్కిన ప్రతిసారీ నేను వదిలిన ఊపిరే బుడగలై ఫ్రేమ్‌కి అడ్డం వస్తోంది. నాలుగైదు ఫోటోలు పోయాక ఊపిరి బిగపట్టేశాను. ఆ ధ్యాసలో మెల్లగా పైకి తేలుతున్నానని గమనించలేదు. వెనక నుంచి ఇన్‌స్ట్రక్టర్ వచ్చి జాకెట్ పట్టుకుని ఆపేశాడు.

పడవెక్కాక ఒకటే మాట అన్నాడు. "ఫోటో రేపైనా వస్తది తమ్ముడూ. నీ బుడగలు ఆగిపోతే నాకు గుండె ఆగినంత పనైంది."

ఆయన ఎందుకు అంత భయపడ్డాడో ముందు చెప్తా. పది మీటర్ల లోతులో ఒత్తిడి నీటి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, బిగపట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలు అవడానికి చూస్తుంది. ఊపిరితిత్తులేమో అంత సాగవు. నిండు ఊపిరితో మీటరు, మీటరున్నర పైకి లేచినా చిట్లే ప్రమాదం ఉంది. అందుకే స్కూబాలో మొదటి రూల్: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. ఫోటో తీసేవాడికి సరిగ్గా అదే ఆపాలనిపిస్తుంది. ఈ గొడవ నాతో మొదలైంది కాదండీ, దీని వెనక పెద్ద చరిత్రే ఉంది.

1942కి వెళ్దాం. ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఆయన మిత్రులు నీటి కింద ఒక సినిమా తీశారు. దాని పేరుకి అర్థం "పద్దెనిమిది మీటర్ల లోతులో". సిలిండర్లు లేవు, ఊపిరి బిగపట్టి మునగడం, తీసినంత తీసి పైకి రావడం. బుడగల సమస్య లేదు, కానీ టైమూ లేదు. అంతకుముందు కూస్తో స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో నడిచే పరికరం కూడా వాడి చూశాడు. వదిలిన ఊపిరిని శుభ్రం చేసి మళ్ళీ అందులోనే తిప్పే పరికరం కాబట్టి బుడగలు దాదాపు రావు. కానీ లోతులో స్వచ్ఛమైన ఆక్సిజన్ విషంలా పనిచేస్తుంది. ఆయనకి నీటిలోనే రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఈరోజు స్వచ్ఛమైన ఆక్సిజన్‌కి పెట్టుకున్న హద్దు ఆరు మీటర్లే.

అప్పుడు రంగంలోకి వచ్చాడు ఎమిల్ గాన్యాన్, ఎయిర్ లిక్విడ్ కంపెనీ ఇంజినీరు. యుద్ధంలో పెట్రోలు కరువైతే కార్లను గ్యాస్‌తో నడపడానికి ఆయన ఒక వాల్వ్ చేశాడు. మనిషి పీల్చినప్పుడే, పీల్చినంతే గాలి ఇచ్చేలా దాన్నే మార్చారు. 1943 మొదట్లో, చలికాలంలో, పారిస్ బయట మార్న్ నదిలో కూస్తో దాన్ని వేసుకుని దిగాడు.

ఏం జరిగిందంటే, అడ్డంగా ఈదితే బ్రహ్మాండంగా పనిచేసింది. నిటారుగా నిలబడితే గాలి దానంతట అదే బుసబుసా వృథాగా పోయింది. తలకిందులైతే పీల్చుకోవడానికి గాలే అందలేదు. మన భాషలో చెప్పాలంటే, మూడు టెస్ట్ కేసుల్లో రెండు ఫెయిల్.

బగ్ ఎక్కడుందో ఇద్దరూ తిరుగు ప్రయాణంలో కారులోనే పట్టేశారు. మనిషి నిలబడినప్పుడు, ఊపిరి బయటికి పోయే చోటు గాలి ఇచ్చే చోటు కంటే ఆరు అంగుళాలు పైన ఉంది. నీటిలో పైన ఒత్తిడి తక్కువ కదా, గాలి అటే పరిగెత్తింది. తలకిందులైతే లెక్క తిరగబడింది. పరిష్కారం చాలా సింపుల్: రెండిటినీ పక్కపక్కనే పెట్టడం. గాలి ఇచ్చే వాల్వ్ వీపు మీద ఉంది కాబట్టి, వదిలిన ఊపిరిని రెండో గొట్టం ద్వారా వీపు దాకా తీసుకెళ్ళి అక్కడే వదిలారు.

ఇక్కడొక తమాషా చూడండి. ఈ మార్పు ఒత్తిడి లెక్క సరిచేయడానికి చేసిందే. అయినా బుడగలన్నీ తల వెనక నుంచి పోయాయి, కళ్ళ ముందు, లెన్స్ ముందు నీళ్ళు ఖాళీ! అదే ఏడాది ఆ పరికరంతో మునిగిన ఓడల మీద సినిమా తీశారు. 1956లో వాళ్ళ "ది సైలెంట్ వరల్డ్" కాన్ ఉత్సవంలో పెద్ద బహుమతి కొట్టింది, ఆ తర్వాత ఆస్కార్ కూడా.

మరి ఆ రెండు గొట్టాలు ఇప్పుడెందుకు కనపడవు? 1952లో ఆస్ట్రేలియాలో టెడ్ ఎల్‌డ్రెడ్ "పోర్పాయిస్" అనే ఒంటి గొట్టం రెగ్యులేటర్‌ని అమ్మకానికి తెచ్చాడు. ఇందులో గాలి ఇచ్చే వాల్వ్, బయటికి వదిలే వాల్వ్ రెండూ నోటి దగ్గరే ఉంటాయి. సూత్రం అదే, చోటు మారింది. ఊపిరితిత్తులకి దగ్గర కాబట్టి పీల్చడం తేలిక. ప్రపంచమంతా మెల్లగా దీనికే మారింది. నష్టపోయింది ఫోటోగ్రాఫర్లే: బుడగలు గడ్డం కింద నుంచి చెంపల పక్కగా, చెవుల దగ్గర గలగలమంటూ పైకెళ్తాయి. అందుకే కొందరు ఫోటోగ్రాఫర్లు చాలాకాలం పాత రెండు గొట్టాలని వదల్లేదు.

సమస్య కంటికి అడ్డం రావడం ఒక్కటే కాదు, శబ్దం కూడా. బుడగ ఎంత పెద్దదైతే స్వరం అంత మంద్రం అని 1933లో మినార్ట్ అనే డచ్ శాస్త్రవేత్త లెక్క కట్టాడు. నీటి పైభాగంలో, సెంటీమీటరు వ్యాసార్థం ఉన్న బుడగ మోగేది సుమారు 330 హెర్ట్జ్ దగ్గర. చాలా చేపలకి బాగా వినపడే శబ్దమే అది. ఆస్ట్రియాకి చెందిన హాన్స్ హాస్ 1942లోనే గ్రీసు సముద్రంలో ఆక్సిజన్ పరికరంతో, బుడగలు లేకుండా చేపల మధ్యకి వెళ్ళి సినిమా తీశాడు. 1999లో వచ్చిన ఐమాక్స్ సినిమా "ఐలాండ్ ఆఫ్ ద షార్క్స్" కోసం హోవర్డ్ హాల్ బృందం కోకోస్ దీవి దగ్గర రీబ్రీదర్లు వాడింది. సుత్తితల సొరచేపలు బుడగలకి బెదిరి దూరంగా పోతాయి మరి.

"అయితే రీబ్రీదర్ కొనేస్తే అయిపోయింది కదా?" అంటారేమో. ఆగండి. రీబ్రీదర్‌లో ఆక్సిజన్ తగ్గిపోతే ఊపిరాడనట్టు కూడా అనిపించదు, తెలిసేలోపే స్పృహ పోతుంది. అందుకే సెన్సర్లు, విడిగా ట్రైనింగ్, ప్రతి డైవ్‌కీ ముందు చెక్‌లిస్ట్. నిశ్శబ్దం ఊరికే రాదండీ.

నేను సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రతి మిషన్ నుంచి కొన్ని సెకన్లకోసారి "బతికే ఉన్నా" అని ఒక సిగ్నల్ వచ్చేది. దాన్ని హార్ట్‌బీట్ అనేవాళ్ళం. లాగ్ నిండా అదే ఉంటే విసుగు. అది ఆగిందా, అర్ధరాత్రి అయినా లేచి పరిగెత్తడమే. నా ఇన్‌స్ట్రక్టర్ ఆ రోజు చూసింది అదే. నాకు ఫోటో పాడుచేసే చెత్తలా కనిపించిన బుడగలు, ఆయనకి నేను బతికున్నానన్న కబురు. పైన పడవవాళ్ళు కూడా బుడగలు చూసే కింద మనిషి ఎక్కడున్నాడో పోల్చుకుంటారు.

మరి ఫోటో ఎలా? బుడగలను ఆపొద్దు, వాటితో లయ కలపండి. మెల్లగా వదలండి, అవి ఫ్రేమ్ దాటాక, తర్వాతి ఊపిరి పీలుస్తూ నొక్కండి. పైకి చూసి తీసేటప్పుడు తల కాస్త పక్కకి వంచితే బుడగలు ఒక పక్కకి పోతాయి. లెన్స్ అద్దానికి అంటుకున్న చిన్న బుడగలని ముందే చేత్తో తుడవండి. ఫోటో తీసేవాళ్ళ కింద ఈదకండి, మీ బుడగలు వాళ్ళ ఫ్రేమ్‌లోకే వెళ్తాయి.

ఆ రోజు ఫోటోల్లో ఒకటి దాచుకున్నాను. చేపలు సగం, నా బుడగలు సగం. ఒకప్పుడు డిలీట్ చేద్దామనుకున్నా. ఇప్పుడు చేయను.

ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.