బ్రేకు ఆయిలు పూర్వకథ

వాహనమును నిలుపు శక్తి యంతయు చక్రములకడ నున్న ఇనుమునందును, లైనర్లయందును ఉన్నదని సామాన్యముగా తలంతురు గాని, పెడలుపై మోపిన పాదబలమును ఆ లైనర్లదాక కొనిపోవునది సన్నని గొట్టములలో నిండియుండు కొలదిపాటి ద్రవము మాత్రమే. మెకానిక్కు షాపులలో బ్రేకు ఆయిలని పిలువబడు ఈ ద్రవమునకు నూరేండ్ల చరిత్ర కలదు. అందులో ప్రతి ఘట్టమునందును, ఏ ద్రవము ఎంతకాలము చెడక నిలుచునన్న చింతయే మనుష్యులను ఒకదాని నుండి మరియొకదానికి నడిపించినది.

తొలినాటి మోటారుబండ్లలో బ్రేకులు ఇనుపకడ్డీలతోను, తీగలతోను లాగబడుచుండెను. ఒక చక్రపు తీగ సాగిన యెడల ఆ చక్రము వెనుకబడును, వేరొకటి ముందే బిగిసికొనును, బండి ఒక ప్రక్కకు ఈడ్చుకొనిపోవును. మూసిన పాత్రలోని ద్రవముపై పడిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని పాస్కల్ 17వ శతాబ్దమున నిరూపించిన సూత్రమును బ్రేకులకు అన్వయించి, అమెరికాలో మాల్కమ్ లాకీడ్ 1917లో పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులతో వెలువడెను. 1924లో క్రైస్లర్ వారు వాటిని మధ్యతరగతి వారు కొనదగిన కారులోనికి తెచ్చి, కారుచున్న పాత సీళ్లకు బదులు రబ్బరు కప్పులు అమర్చిరి.

ఆ రబ్బరు కప్పులే ద్రవమును నిర్ణయించినవి. ఆనాటి సహజ రబ్బరు భూగర్భతైలము తగిలిన ఉబ్బి మెత్తబడును. ఆముదము తగిలినను దానికి అట్టి హాని లేదు. పైగా తక్కిన నూనెలకు భిన్నముగా ఆముదము ఆల్కహాలులో చక్కగా కరగును. చిక్కనైన ఆముదమును ఆల్కహాలుతో పలుచన చేసి గొట్టములలో నింపుట ఇట్లు ఆచారమైనది. పాలమూరు, నల్లగొండ ఎర్రనేలలలో విస్తారముగా పండిన ఆముదపు పంట మొదటి ప్రపంచయుద్ధపు విమానముల యంత్రములకు కందెనగా ఎంత విలువైనదో చెప్పుకొనువారు, మోటారుబండి నాపిన తొలి ద్రవములలోను ఆముదమే ఉండెనని గుర్తుంచుకొనుట న్యాయము.

అయితే ఆ మిశ్రమమునకు ఒక గొప్ప లోపము కలదు. ఆల్కహాలు 78 డిగ్రీల సెల్సియస్ వేడికే మరుగును. మూత వదులుగా నున్న డబ్బాలో వేడి లేకున్నను క్రమముగా ఆవిరియై పోవును. మిగిలినది చిక్కని జిగురు. చలిదేశములలో అది మరింత గడ్డకట్టుచుండెను. ఆనాడు తెరచిన డబ్బాకు దోషము లోపలిది వెలుపలికి పోవుట. తరువాతి కాలమున దోషము వెలుపలిది లోపలికి వచ్చుట. బ్రేకు ఆయిలు చరిత్రలో నాకు అత్యంత ముఖ్యముగా తోచు మలుపు ఇదియే.

ఆ మలుపునకు కారణము వేడి. బండ్లు బరువెక్కినవి, వేగము పెరిగినది. 1953లో ఫ్రాన్సుదేశపు లెమాన్ పందెమున డన్‌లప్ డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ గెలిచిన పిమ్మట డిస్కు బ్రేకులు వీధిబండ్లలోనికి దిగుట ఆరంభమైనది. ఇంతటి వేడికి ఆల్కహాలు నిలువజాలదు గనుక గ్లైకాల్ ఈథరులు ఆ స్థానమును ఆక్రమించినవి. అవి 200 డిగ్రీలు దాటినను మరుగవు, చలికి గడ్డకట్టవు, రబ్బరును చెఱుపవు. అయితే గాలిలోని తేమను అవి ఎడతెగక పీల్చుకొనును. దీనిని కేవలము అవగుణమనుట సరికాదు. తేమను తనలో కలుపుకొనని ద్రవమైనచో ఆ నీరు గొట్టముల పల్లమున చుక్కలుగా చేరి, అక్కడనే తుప్పు పట్టించి, అక్కడనే ఆవిరియగును. కలుపుకొనుటవలన ప్రమాదము వ్యాపించి పలుచబడినది. బదులుగా ద్రవమంతయు కొంచెము కొంచెముగా ముసలిదగుచున్నది.

సిట్రోయెన్ వారు ఈ చిక్కును తెగువతో ఎదుర్కొనిరి. 1955లో వెలువడిన వారి డీఎస్ కారులో బ్రేకులను, స్ప్రింగులకు బదులైన సస్పెన్షనును, స్టీరింగును ఒకే ద్రవము నడిపెను. తేమను పీల్చు ఆ ద్రవము సున్నితమైన వాల్వులను లోలోపల తుప్పుపట్టించుచుండగా, 1966లో వారు దానిని విడిచి, తేమ నంటని ఆకుపచ్చని ఖనిజతైలమునకు మారి, సీళ్లన్నిటిని తదనుగుణముగా మార్చిరి. పాత ద్రవపు బండిలో కొత్తదానిని గాని, కొత్త ద్రవపు బండిలో పాతదానిని గాని పోసిన సీళ్లు నాశనమగును.

అమెరికా సైన్యమువారు ఏండ్లతరబడి షెడ్డులలో నిలిచియుండు తమ బండ్లకొరకు 1980ల ఆరంభమున తేమను పీల్చని సిలికోన్ ద్రవమును స్వీకరించిరి.

తేమవలన ద్రవమునకు కలుగు వార్ధక్యమును చట్టము గుర్తించిన తీరు ప్రశంసనీయము. అమెరికా రవాణాశాఖ ప్రమాణములలో కొత్త ద్రవము మరుగు వేడిమితోపాటు, సుమారు 3.7 శాతము నీరు చేరిన ద్రవము మరుగు వేడిమిని గూడ నియమించిరి. డాట్ 3 అను రకము కొత్తదైనప్పుడు 205 డిగ్రీలు, తేమ చేరినప్పుడు 140. డాట్ 4 అయినచో 230, 155. తొలిరోజు బలముతోపాటు చివరిరోజుల బలమును గూడ కొలువవలెనన్న ఈ భావన ఆ ప్రమాణమునకే వన్నె తెచ్చినది. సీసాపై మూత గట్టిగా బిగింపుమనియు, అసలు సీసాలోనే నిలువయుంచుమనియు హెచ్చరిక ముద్రించుట గూడ అందలి నియమమే.

తక్కిన ద్రవముల సంగతి ఇంత తీవ్రము కాదు. ఇంజనాయిలు బిగించిన డబ్బాలో ఏండ్లు నిలుచును. కూలెంటు తెరచినను, దుమ్ము పడనిచో త్వరగా చెడదు. నేటి డీజిలుబండ్లలో పోయు యూరియా ద్రవమునకు మాత్రము వేడియే శత్రువు: 25 డిగ్రీలలో 18 నెలలు నిలుచునది 35 డిగ్రీలలో 6 నెలలే నిలుచునని అంతర్జాతీయ ప్రమాణము చెప్పుచున్నది. మన వేసవులలో రేకుల షెడ్డుక్రింద ఉంచువారు దీనిని గమనింపవలెను.

తిరుమల కొండ దిగు బండి 1944నాటి పాత ఘాట్‌రోడ్డు మలుపులలో బ్రేకుపై కాలు తీయకుండ దిగుచున్నప్పుడు బ్రేకు ద్రవములో చేరిన నీరు ఆవిరియగును. ఆవిరి ఒత్తిడికి అణగును గనుక పెడలు నేలకు తాకును, బండి ఆగదు. చల్లారిన పిదప ఆవిరి మరల నీరై పెడలు గట్టిపడును. మెకానిక్కు చూచునప్పటికి దోషమేదియు కనబడదు. సముద్రతీరపు ఉక్కపోతలో తెరచిన డబ్బాను సగము వాడి, మిగిలినది వచ్చే ఏడాదికని అటకమీద దాచువారు కలరు. అట్లు చేయవలదు. చిన్న డబ్బాయే కొనుడు, తెరచిన తేదీ దానిపై వ్రాయుడు, మిగిలినదానిని మరల బండిలో పోయకుడు, రెండేండ్లకొకసారి పాత ద్రవమును పూర్తిగా తీయించి కొత్తది నింపించుడు.