కేసీ కెనాల్లో పడవలు

"కాలవ కాడికి పోయినావంటే కాళ్లిరగ్గొడ్తా" అనేవాడు మా జేజినాయన. ఆళ్లగడ్డ పక్క పల్లెలో, కేసీ కెనాల్ నీళ్లతో పండే వరిమళ్ల మధ్య పెరిగిన నేను ఈత నేర్చుకున్నది మాత్రం ఉద్యోగంలో చేరాక, బెంగుళూరులో నెలకింత అని డబ్బులు కట్టి :)

మొన్న పండక్కి వెళ్తే నంద్యాలలో మా చిన్నాన్న కొడుకు అడిగాడు. "అన్నా, ఈ కాలవ పడవల కోసం తవ్వినారంట, నిజమేనా?"

సగం నిజం. సాగుకీ, పడవలకీ.. రెండిటికీ తవ్వారు. డచ్చివాళ్లు తవ్వారని చాలాచోట్ల రాస్తుంటారు గానీ, తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. లండన్లో షేర్లు అమ్మి పెట్టుబడి తెచ్చారు. పది లక్షల పౌండ్లకి 5 శాతం వడ్డీ గ్యారంటీ ప్రభుత్వానిది, అంటే నష్టమొస్తే కట్టేది మన తాతముత్తాతలే. దీని వెనకున్న ఆలోచన కాటన్ దొరది. రైలు కన్నా పడవలోనే సరుకు చవగ్గా పోతుందని ఆయన చివరిదాకా వాదించాడు. 1863-70 మధ్య సుంకేసుల నుంచి కడపకి 300 కిలోమీటర్ల పైచిలుకు తవ్వారు. నేల పల్లానికి దిగేచోట లాకులు కట్టారు. లాకంటే రెండు తలుపుల మధ్య నీటి గది. పడవని లోపలికి తెచ్చి, తలుపులు మూసి నీళ్లు నింపితే పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో మాకెవరూ దీన్ని చూపించలేదు.

మరి ఎందుకు దెబ్బతింది? నాకర్థమైనంతవరకు ఎవరికి కావాలో అడక్కుండా కట్టారు. మాది నల్లరేగడి. వాన పడితే చాలు, జొన్నా పత్తీ వాటంతటవే పండుతాయి, నీటితీరువా కట్టడం దేనికి అనుకున్నారు రైతులు. 1876-78 కరువులో గానీ ఆ నీటి విలువ తెలియలేదు. సరుకు సంగతి చూస్తే, 1871కల్లా మద్రాసు-రాయచూరు రైలు మార్గం కడప మీదుగా పూర్తయింది. 1880ల చివర్లో నంద్యాలకీ రైలొచ్చింది. 1882లో ప్రభుత్వం 3.02 కోట్ల రూపాయలిచ్చి కాలవని కొనేసింది. 1933 నుంచి ఇక సాగునీటికే. మన భాషలో చెప్పాలంటే ఫీచర్ తీసేశారు, కోడ్ మాత్రం అలాగే ఉంది.

బాధేమిటంటే, పడవలతో పాటు జనానికి నీళ్లతో ఉన్న చనువు కూడా పోయింది. నీళ్లంటే మాకు పొలం తడిపేవి, లేదా పిల్లల్ని మింగేవి. హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున 2009లో మొదలైన యాట్ క్లబ్ పేదపిల్లలకి తెరచాప పడవలు నడపడం నేర్పుతోంది. అలాంటి పడవల షెడ్డు ఒకటి నంద్యాలలో ఎందుకుండకూడదు? కాలవలో కుదరదు, వరవడి ఎక్కువ, వేసవిలో ఎండిపోతుంది. చెరువైతే నయం. పది పడవలు, లైఫ్ జాకెట్లు, ఓ రేకుల షెడ్డు.. అందరం తలాకొంచెం వేసుకుంటే అయ్యే ఖర్చే.

ఇదంతా చెబితే మా తమ్ముడు తాపీగా విన్నాడు. "పడవల సంగతి తర్వాత చూద్దాంలే న్నా. ముందు ఈత నేర్పే మనిషిని పట్టుకొని రా" అన్నాడు.