విన్‌ఫ్లాడ్ పెట్టెలు

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. పట్టా పుచ్చుకొని బ్యాంకులో చేరినవాణ్ణి. చనిపోయినవారి ఖాతాల పరిష్కారం చూసే పనిలో వీలునామాలు చాలా చదివాను. పొలానికి సర్వే నంబరు, ఇంటికి నాలుగు హద్దులు, డిపాజిట్టుకు రసీదు నంబరు తప్పకుండా ఉంటాయి. చీరలు, గిన్నెలు, పెట్టెలు మాత్రం ‘ఇతర చరాస్తులు’ అన్న రెండు మాటల్లో ముగిసిపోతాయి. అందుకే వెయ్యేళ్లనాటి ఒక ఇంగ్లండు ఇల్లాలి వీలునామా చదివినప్పుడు ఆశ్చర్యం వేసింది.

ఆమె పేరు విన్‌ఫ్లాడ్. 10వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండు పల్లెల్లో భూములు, పశువులు, బానిసలు ఉన్న మనిషి. ఆమె వీలునామాకు 11వ శతాబ్దంలో ఎత్తిరాసిన ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. డొరొతీ వైట్‌లాక్ 1930లో ప్రకటించిన ఆంగ్లో-శాక్సన్ వీలునామాల సంపుటంలో దాని అనువాదం చూడవచ్చు.

ఫాకోమ్ అనే ఊళ్లోని భూమి ఆమెకు ‘ఉదయ కానుక’గా వచ్చింది. అంటే పెళ్లయిన మర్నాడు ఉదయం భర్త భార్యకిచ్చే ఆస్తి. మన స్త్రీధనానికి దగ్గరి చుట్టమే. ఆ భూమి కొడుకు బతికున్నంతకాలం కొడుకుది. అతని తర్వాత కూతురు జీవించి ఉంటే ఆమెది. ఆమె తర్వాత మళ్లీ కొడుకు కొడుకుది. భూమి ఇలా షరతుల మధ్య నడిచింది. బట్టల దగ్గరికి వచ్చేసరికి షరతులు తగ్గి, మనుషులు కనిపిస్తారు.

మనవరాలని పండితులు భావించే ఎడ్‌గిఫుకు రెండు పెట్టెలు. వాటిలో అన్నిటికన్నా మంచి పడకతెర, నారబట్ట దుప్పటి, పక్కబట్టలు. ఇంకా మంచి మట్టిరంగు అంగీ ఒకటి, పైవస్త్రాల్లో మేలైనది, చుక్కలు చెక్కిన రెండు కొయ్య గిన్నెలు, 6 మాంకస్‌ల విలువ చేసే పాత తీగపని పిన్ను. మాంకస్ అంటే 30 వెండి పెన్నీలు. అంటే ఆ పిన్ను 180 పెన్నీలన్నమాట. చెయోల్‌త్రిత్ అనే ఆమెకు నల్ల అంగీల్లో తనకు ఏది నచ్చితే అది. ‘నచ్చింది తీసుకో’ అన్న ఆ మాట నేను చదివిన ఏ దస్తావేజులోనూ లేదు. వడుకు సామాను పెట్టుకొనే చిన్న పెట్టెను కూడా ఆమె మరచిపోలేదు. ఎవరికీ రాయని పుస్తకాలు, చిల్లర సామాను అన్నీ కూతురికి.

ఇందులో మనసు నొచ్చుకొనే మాటా ఉంది. ఎడ్‌గిఫుకు ఒక నేతగత్తెను, ఒక కుట్టుపనిమనిషిని కూడా రాసింది. ఆ నేతగత్తె పేరూ ఎడ్‌గిఫే! వీలునామాలో ఎందరో బానిసలకు విడుదల ఇచ్చిన ఈమె, ఆ బట్టలు నేసిన చేతుల్ని మాత్రం బట్టలతోపాటే అప్పగించింది.

అప్పట్లో రాజుల భూదాన పత్రాలు ఎక్కువగా లాటిన్‌లో ఉండేవి. వీలునామాలు మాత్రం ఇంటిభాషలో రాయించేవారు. అందువల్లే ఆనాటి ఆడవాళ్ల బట్టల పేర్లు కొన్ని మిగిలాయి. ఒక అంగీ పేరుకు అర్థమేమిటని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రాసి ఉండబట్టే కదా ఆ వాదన!

మన సంగతి చూడండి. 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీని తన ఆస్తికి పూర్తి హక్కుదారును చేసింది. 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా ఏ భాషలోనైనా, తెల్లకాగితం మీదైనా రాయవచ్చు; సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా మన పెద్దావిడలు పట్టుచీర ఎవరికో, గంగాళం ఎవరికో నోటిమాటగా చెప్పి వెళ్లిపోతారు. డిపాజిట్లు సామరస్యంగా పంచుకొన్న తోబుట్టువులు తల్లి ఇత్తడి బిందె దగ్గర మాటలు మానుకోవడం నేను చూశాను.

హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా మన మనవలు బడిలో చదివేది వేరే భాష. అమ్మమ్మ పెట్టెలోని వస్తువుల పేర్లు ఆమె నోట ఉన్నంతకాలమే తెలుగులో ఉంటాయి. ఆమె చెబుతుంటే ఎవరికి ఏమిటో, దాని పేరేమిటో తెలుగులో రాసిపెట్టండి. కింద ఆమె చేత సంతకం చేయించి, ఇద్దరు సాక్షుల్ని పెట్టండి.